విరజ వందనం

"చూడవ్వా, బాగా చూడు. తప్పుంటే చెప్పు" అంటూ పావని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి తీసుకెళ్లింది. అక్కడి గాలిని పిడికిట్లో పట్టుకుంది. పిడికిలిని ముక్కుదాకా తెచ్చి, ఒక్క క్షణం ఆపి, వదిలేసింది. చెయ్యి నీరసంగా కిందికి జారింది.

"అంతే. ఇదే విరజ వందనం. సరిగ్గా చేసినోళ్లనే తీసుకున్నారు. మన గుండ్లమెట్టలో నేనే ఫస్ట్. నన్ను మూడో వరుసలో నిలబెడతారంట, తెలుసా అత్తా?"

ఆ అత్తను నేనే. పావని మా అన్న నాసరయ్య కూతురు, డిగ్రీ చదువుతోంది. అమ్మను చూసిపోదామని హైదరాబాద్ నుంచి వచ్చాను. అమ్మ గోడవారన మంచం మీద, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో దిండుకు ఆనుకుని కూర్చుంది. మంచం పక్కన మిషన్ గుర్రుమంటోంది. మా ఇంట్లో ఆ చప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, కరెంటు పోయి అది ఆగితేనే అందరికీ వినిపిస్తుంది.

'బూడిద గ్రహం' సినిమా మొదటి భాగం నా చిన్నప్పుడు మా ఊరి పలకరాతి గనిలోనే తీశారు. అందులో విరజ అనే గ్రహం ఉంటుంది. చెట్టు లేదు, నీళ్లు లేవు, ఎప్పుడూ దుమ్ము తుఫానే. ఆ గ్రహం వాళ్లు ఒంటినిండా తెల్లటి పూతతో వరుసలు కట్టి నిలబడతారు. తర్వాత మరో రెండు భాగాలు వచ్చాయి. ఇప్పుడు వాటన్నిటికీ ముందు జరిగిన కథ తీస్తున్నారు, విరజ సీనుకు మళ్లీ మా గనికే వస్తున్నారు. అది హరిణి అనే పచ్చటి గ్రహం మీద మొదలవుతుందట. టీజర్‌లో హరిణి రాణి భుజం మీది మేలిముసుగును ముక్కుదాకా లాక్కుంటుంది. అది చూసినప్పటినుంచి అభిమానులకు నిద్ర లేదు. హరిణి వేరే గ్రహమా, లేక ఎండిపోకముందు విరజేనా?

ఆ వాదనకంతటికీ ఆధారం మొదటి సినిమాలో తుఫాను సీను. అందులో మూడో వరుసలో ఒక ఆడమనిషి పదేపదే ఆ వందనం చేస్తుంది. తెల్లపూత కింద ముఖం ఎవరిదో తెలియదు. అభిమానులు ఆమెకు 'మూడో వరుస తల్లి' అని పేరు పెట్టుకున్నారు. చొక్కాల మీద వేసుకున్నారు. ఒకాయన చేతిమీద పచ్చబొట్టు కూడా పొడిపించుకున్నాడు.

"అమ్మా, ఆ సినిమాలో నువ్వూ చేశావు కదా. ఆ మూడో వరుసామె ఎవరు?" అని అడిగాను.

"నాకేం తెలుసే. నేను చూసినానా పెట్టినానా." అమ్మ ఊపిరి కూడదీసుకుంది. "ఆ పిల్లని ఇంకోసారి అట్టా చెయ్యొద్దని చెప్పు."

గోడవైపు తిరిగి పడుకుంది. అలసిపోయిందనుకున్నాను.

* * *

నేను పనిచేసే ప్రయోగశాలలో 'చుట్టుచూపు' అనే యంత్రం తయారుచేశాం. గాలిలో తేలే ప్రతి రేణువూ ఒక చిన్న అద్దం. కెమెరా ముందున్నదాన్నే చూస్తుంది. కానీ కెమెరా ముందు ఎగిరే దుమ్ము చుట్టూ ఉన్నదాన్నంతా చూస్తుంది. ఆ రేణువుల మీద పడి చెదిరిన వెలుతురును ఏరి కూర్చితే, కెమెరాకు దొరకని పక్కలూ వెనకా కూడా బొమ్మ కడతాయి. మొదటిసారి దాన్ని సాంబ్రాణి పొగతో పరీక్షించాం. పొగ వేసిన గదిలో ఒక గోడను వీడియో తీసి యంత్రానికి ఇస్తే, కెమెరా వెనక టీ తాగుతున్న మా విశ్వేశం సార్‌ను చూపించింది. చేతిలో బిస్కెట్టుతో సహా. ఆ రోజు అందరం పిల్లల్లా గంతులేశాం.

అందులో నాది ఒక చిన్న భాగం. వెలుతురు చెదిరే తీరును బట్టి ఆ రేణువు పొగో, పిండో, సిమెంటో చెప్పే లెక్క నేను రాశాను. ఆ పనే ఎందుకు ఎంచుకున్నావని నన్నెవరూ అడగలేదు.

యంత్రం కోసం పోలీసులు వస్తారనుకున్నాం, డాక్టర్లు వస్తారనుకున్నాం. సినిమా కంపెనీ వచ్చింది. మొదటి భాగంలోని తుఫాను సీనును చుట్టుచూపులో వేసి, సెట్టులో కెమెరా అవతల ఏముందో చూపించమంది. హరిణి గుర్తులేమైనా అక్కడ దొరికితే దాన్ని ప్రచారానికి వాడుకుంటారట. నేను ఊరినుంచి తిరిగొచ్చిన మర్నాడు, సోమవారం, కంపెనీ తరఫున ప్రద్యుమ్న వచ్చాడు. ఒకప్పుడు యూట్యూబ్‌లో విరజ సిద్ధాంతాలు చెప్పిన కుర్రాడు, ఇప్పుడు ఆ సినిమాకే కథా సలహాదారు. మంచివాడే. వస్తూ వస్తూ మా అందరికీ మిఠాయి డబ్బా తెచ్చాడు.

"మొదటి పార్టు ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు మేడమ్. ఇవాళ దాని వెనక్కి వెళ్తున్నాం. గుడి తలుపు తెరుస్తున్నట్టుంది."

తెరమీద బొమ్మ మెల్లగా కట్టింది. ముందు మనకు తెలిసిన వరుసలు. తర్వాత ఎడమవైపు పెద్ద పెద్ద పంకాలు. పంకాల ముందు గోతాలు విప్పి పొడి కుమ్మరిస్తున్న మనుషులు. వాళ్ల ముఖాలకు గుడ్డలు కట్టి ఉన్నాయి. వెనక డేరా. డేరాలో ఉన్నవాళ్లందరికీ ముక్కులకు మాస్కులు.

"ఆగండాగండి! అటు చూడండి" అని అరిచాడు ప్రద్యుమ్న. "వరుస చివర, ఫ్రేములో లేనివాళ్లు. వాళ్లు కూడా వందనం చేస్తున్నారు! కెమెరా చూడకపోయినా చేస్తున్నారు! డైరెక్టర్ వాళ్లకు ఎంత శిక్షణ ఇచ్చుంటాడు సార్!"

విశ్వేశం సార్ చప్పట్లు కొట్టారు. నేను కుడివైపు మూల చూస్తున్నాను.

అక్కడ నేలమీద చీరలు కుప్పగా పోసి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా పైన పలకరాళ్లు పెట్టారు. కుప్ప పక్కన ఒక పిల్ల గొంతుక్కూర్చుంది. పసుపురంగు గౌను, ఒక భుజం చిరిగితే పిన్నీసు పెట్టిన గౌను. దాని పిన్నీసు నాకింకా గుచ్చుకుంటుంది.

అది నేను. చీరలకు కాపలా కూర్చోబెట్టారు.

మూడో వరుసలో ఉన్న ఆడమనిషి చెయ్యి భుజం మీదికి వెళ్లిన ప్రతిసారీ, చెయ్యి జారిన ప్రతిసారీ, తల కొద్దిగా నావైపు తిప్పుతోంది. పిల్ల ఉందో లేదో చూసుకుంటోంది.

"ఏమైంది యశోదా, కూర్చోండి" అన్నారు సార్.

"అది వందనం కాదు" అన్నాను.

ఎవరూ వినలేదు. ప్రద్యుమ్న అప్పటికే ఎవరికో ఫోను చేస్తున్నాడు.

* * *

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వెళ్లాను. అమ్మ నన్ను చూసి, "నిన్న పోయి ఇయ్యాల వస్తివేందే, ఉద్యోగం ఊడిందా?" అంది.

"నువ్వేగా మూడో వరుసలో ఉంది."

అమ్మ చాలాసేపు గొట్టం సర్దుకుంది.

మా ఊరి ఆడవాళ్లు పలకల షెడ్డులో రంపం దగ్గర కూర్చుంటే ముందు చేసే పని, కొంగు ఎడమ భుజం మీంచి లాగి ముక్కుకు చుట్టి, వెనక ముడేసుకోవడం. రంపం కదిలితే చాలు, ఎవరూ చెప్పకుండానే చెయ్యి కొంగుకు పోతుంది. వంటింట్లో మిరపకాయలు వేయించినా, వీధిలో లారీ పోయినా అంతే. నాకు తెలిసిన ప్రతి ఆడమనిషికీ ఆ చెయ్యి ఉంది. నాకూ ఉంది.

"ఆ లోకంలో చీరలుండవన్నాడమ్మా ఆ మేనేజరు" అంది అమ్మ. "ఒంటికి అంటుకుపోయే సంచి లాంటి బట్టలిచ్చినారు. గుడ్డ కట్టుకుంటామయ్యా, ముక్కు మూసుకుంటామయ్యా అని లింగమ్మ అడిగింది. ముక్కు మూసుకుంటే ఈ లోకం మనుషులని తెలిసిపోతదన్నాడు. ముల్తానీ మట్టేలే, మొకానికి మంచిదన్నాడు. మేం నవ్వినాం కూడా." దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా నేను వీపు నిమిరాను. "పంకా తిరిగిందంటే చెయ్యి పోతాంటది. యాడుందీ కొంగు? చెయ్యి రాంగానే డైరెక్టరు మైకులో తిడతాడు. చెయ్యి దించు, చెయ్యి దించు అని. మళ్లీ మరిచిపోయి ఎత్తుతా."

"ఎన్నాళ్లు చేశారట్టా?"

"ఎండాకాలం అంతా."

"లింగమ్మత్త..."

"పోయింది. సాలమ్మ పోయింది. ఆ వరుసలో ఎవురున్నారు చెప్పు? పలకల పని జబ్బు అన్నారు డాక్టర్లు. షెడ్డులో మా అమ్మ ముసిలిదయ్యేదాకా చేసింది, కొంగు కట్టుకుని. ఎనభై ఏండ్లు బతికింది."

పావని తలుపు దగ్గర నిలబడి వింటోంది. ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడవన్నీ మారిపోయాయవ్వా. ఈసారి అంతా సేఫ్ అన్నారు. నువ్వు నా సరదా చెడగొట్టొద్దు."

"సరదానా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ అవ్వ ఊపిరాడక కొట్టుకున్నదాన్ని నువ్వు అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తున్నావు."

పావని విసురుగా లోపలికి వెళ్లిపోయింది. వదిన, "పిల్లనెందుకంటావు యశోదా, దానికేం తెలుసు" అంది. నిజమే. దానికేం తెలుసు. ఎవరికేం తెలుసు.

* * *

మర్నాడు ప్రయోగశాలకు వెళ్లి నా లెక్కను ఆ సీను మీద నడిపాను. సందేహం లేని జవాబు వచ్చింది. ముల్తానీ మట్టి కాదు. పలకను రంపంతో కోస్తే రాలే పొడి. మా షెడ్లలో ఊరికే దొరుకుతుంది కదా, అదే ఎత్తుకొచ్చి పోశారు. గాజుపెంకుల్లాంటి అంచులున్న పొడి. లోపలికి పోయిందంటే మళ్లీ బయటికి రాదు. జవాబు తీసుకెళ్లి విశ్వేశం సార్ బల్లమీద పెట్టాను. అమ్మ సంగతి చెప్పాను. సినిమా కంపెనీని నిలదీయాలన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. అయ్యో అన్నారు. నీళ్లిప్పించారు. నాలుగు రోజుల తర్వాత మీటింగులో ప్రద్యుమ్న నోటినుంచి అసలు సంగతి విన్నాను.

"కొత్త సినిమాలో చివరి సీను పూర్తిగా చుట్టుచూపులో తీస్తున్నాం. ప్రేక్షకుడు హాల్లో తల ఎటు తిప్పితే అటు విరజ కనిపిస్తుంది. కంప్యూటర్ దుమ్ముతో అది కుదరదట కదా, అందులో వెలుతురు ఉండదు. నిజమైన దుమ్ము కావాలి. ఏ పొడైతే బాగా మెరుస్తుందో మీ ల్యాబే కనిపెట్టిందని సార్ చెప్పారు. థ్యాంక్స్ మేడమ్!"

నేను సార్‌వైపు చూశాను.

"అది కాదు యశోదా, మొదటి సినిమాలో బొమ్మ అంత స్పష్టంగా రావడానికి కారణం ఆ పొడే" అన్నారాయన. "ఏ పొడో తెలిసింది కనుక అదే తెప్పించమన్నాను. మాస్కులిస్తారులెండి."

"ఎవరికి?"

"యూనిట్‌కు."

"వరుసల్లో నిలబడే ఆడవాళ్లకు?"

ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. "సీనులో మాస్కులుండవు కదా."

విషం ఇదీ అని చీటీ రాసిస్తే, ఆ చీటీ పట్టుకెళ్లి విషం కొనుక్కొచ్చారు. నా చేతిరాత చూసి కొన్నారు. ఆ రోజు ఆ గదిలో నేను ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. ప్రద్యుమ్నను మాత్రం చొక్కా పట్టుకుని అడిగాను.

"నీ సిద్ధాంతం నిజమే నాయనా. హరిణీ విరజా ఒకటే. ఒకప్పుడు వాళ్ల భుజం మీద బట్ట ఉండేది. ఆ బట్ట ఎవరు తీయించారో అది కూడా చెప్తావా నీ అభిమానులకు? మూడో వరుస తల్లి మా అమ్మ. నీకు మొక్కడం లేదామె. ముక్కు మూసుకోవడానికి గుడ్డ వెతుక్కుంటోంది."

ప్రద్యుమ్న తెల్లబోయాడు. "ఆమె ఉన్నారా? బతికే ఉన్నారా?" అన్నాడు. కళ్లలో నీళ్లు. సంతోషపు నీళ్లు! అతనికి వినపడింది అదొక్కటే.

* * *

షూటింగు మొదలయ్యే రోజు పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని కూర్చుంది.

"ఆటో పిలువు."

"నువ్వు రాలేవమ్మా."

"ఆ పిల్ల పోయింది. నేను పోలేనా?"

చిన్న సిలిండరు ఒళ్లో పెట్టుకుని, గనికి వెళ్లే దారంతా ఆటో కుదుపులకు పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. గని అంచున పంకాలు నిలబెట్టి ఉన్నాయి. గోతాలు వరుసగా పేర్చి ఉన్నాయి. యూనిట్ వాళ్ల ముఖాలకు మాస్కులు. కింద మా ఊరి ఆడవాళ్లు, ఆడపిల్లలు బూడిదరంగు సంచుల్లాంటి బట్టల్లో వరుసలు కట్టారు. ఒక మూల టార్పాలిన్ మీద చీరలూ చున్నీలూ కుప్పపోసి, పైన పలకరాళ్లు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా వాళ్లకు అదే ఉపాయం తట్టింది.

పోటీలో గెలిచి షూటింగు చూడ్డానికొచ్చిన అభిమానులు తాడు అవతల ఉన్నారు. ప్రద్యుమ్న మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ పాదాల మీద పడ్డాడు. లేచి వెనక్కి తిరిగి అరిచాడు. "మూడో వరుస తల్లి!"

తాడు అవతలి వాళ్లందరి చేతులూ భుజాల మీదికి వెళ్లాయి, గాలిని పట్టుకున్నాయి, ముక్కుల దాకా వచ్చి జారాయి. ఒకమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏందే వీళ్లు, నన్ను ఎక్కిరిస్తున్నారా?" అంది అమ్మ.

"లేదమ్మా. మొక్కుతున్నారు."

"ఎందుకు?"

అమ్మ నా భుజం పట్టుకుని తాడు దాటింది. మేనేజరు అడ్డం రాబోయాడు కానీ, సిలిండరు చూసి చెయ్యి వెయ్యడానికి జంకాడు. అమ్మ వరుసల ముందుకు వెళ్లి నిలబడింది. గొట్టం మీదుగానే కొంగు లాగి, ముక్కుకు చుట్టి, వెనక ముడేసుకుంది. ముడి గట్టిగా పడింది.

"లింగమ్మ మనవరాలివి కదే నువ్వు? మీ అవ్వ ఎట్టా పోయిందో మీ అమ్మ చెప్పలేదా? సాలమ్మ కోడలా, నీ మొకం అట్టా దించుకుంటే నాకు తెలవదనుకుంటున్నావా? మీ అత్తని ఎవురు మోసినారు, నువ్వు కాదా? ఎంత తేలిగ్గా ఉండింది మనిషి, మరిచిపోయినావా?"

"అవ్వా, పరువు తియ్యొద్దు, పో ఇంటికి" అంది పావని మూడో వరుసలోంచి. ఏడుపు గొంతు.

అంతలో ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో, ఒక పంకా తిరిగింది. గోతాములోంచి ఒక దోసెడు పొడి లేచి వరుసల మీదికి వచ్చింది.

అందరి చేతులూ లేచాయి. నటన కాదు. ఎవరూ చెప్పలేదు. ఎడమ భుజాల మీద అన్ని చేతులూ ఒక్కసారి తడుముకున్నాయి. దేనికీ ఏమీ దొరకలేదు.

"అద్భుతం!" అని మైకులో గొంతు వినిపించింది, డేరాలోంచి. "కెమెరా! కెమెరా తిరుగుతోందా?"

పావని తన ఖాళీ పిడికిలిని చూసుకుంది. అవ్వ ముక్కుకున్న కొంగును చూసింది. తర్వాత వరుసలోంచి బయటికొచ్చి, ఆ కుప్ప దగ్గరికి వెళ్లి, పైనున్న పలకరాయిని కాలితో తన్నింది. రాయి రెండు ముక్కలైంది. తన చున్నీ లాక్కుని ముఖానికి కట్టుకుంది. ఇంకో చున్నీ తీసి పక్కపిల్ల మీదికి విసిరింది. "నీదే కదే ఇది, కట్టుకో!" వెనక లింగమ్మ మనవరాలు కదిలింది. ఆ వెనక అందరూ కదిలారు. మైకు అరుస్తూనే ఉంది. తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. ఆడవాళ్లు ఎవరి చీర వాళ్లు ఏరుకుని గని గట్టెక్కారు.

* * *

నన్ను ప్రయోగశాలనుంచి తీసేశారు. ఆ రోజు గనిలో జరిగింది ఎక్కడా రాలేదు. కాదు, వచ్చింది. ముక్కుకు కొంగు కట్టిన అమ్మ ఫొటోను అభిమానులు పంచుకున్నారు. సినిమాలో అది రాబోయే రహస్యమట. విరజ తల్లి మళ్లీ హరిణి ముసుగు ధరించిందట. నేను మొత్తం రాసి నెట్‌లో పెట్టాను, పొడి లెక్కతో సహా. కథ లీక్ చేయొద్దని తిట్టారు.

కంపెనీ చివరి సీనును కంప్యూటర్లో చేసుకుంది. సినిమా మా పక్క టౌనుకు వచ్చినప్పుడు అమ్మే అడిగింది. "నన్నూ తీసకపో. ఏముందో అందులో ఒకసారి చూస్తా."

పావని ఒకపక్క, నేను ఒకపక్క కూర్చున్నాం. సిలిండరు మా కాళ్ల మధ్య పెట్టుకున్నాం. అమ్మ చాలావరకు నిద్రపోయింది. చివర్లో హరిణి ఎండిపోయి విరజ అయింది. తుఫాను లేచింది. కంప్యూటర్ మనుషులు వరుసలు కట్టి చేతులెత్తారు. హాలంతా లేచి నిలబడి వందనం చేసింది. కొందరు ఏడ్చారు. ఆ అలజడికి అమ్మ లేచి కూర్చుంది.

మా వెనక సీట్లో ఒకతను పక్కవాడితో అంటున్నాడు. "ఛ, తేలిపోయింది రా. ఫస్ట్ పార్టులో దుమ్మంటే దుమ్ము! ఇది అంతా పౌడర్ కొట్టినట్టుంది. తల తిప్పినా ఏం కనపడ్డం లేదు. నిజం దుమ్ము వాడితే వీళ్లదేం పోయింది?"

అమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"నిజం దుమ్ము కావాలా నాయనా? యాడికీ పోలేదు. నా రొమ్ములోనే ఉంది. వచ్చి తీసుకో."

ముందు వరుసలోంచి ఎవరో గట్టిగా "ష్‌ష్" అన్నారు.